స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉంది?

కొన్నేళ్ళ క్రితం నేనొక కస్టమర్ సర్వీస్ విభాగాన్ని చూసుకునేవాణ్ణి. దాదాపు నలభై మంది టీమ్. ఏళ్ళ తరబడి వాడుతున్న కంప్లయింట్ల సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది తెచ్చాం. ఆరు నెలలు ప్లాన్ చేశాం, అందరికీ ట్రైనింగ్ ఇచ్చాం, ఎందుకు మారుస్తున్నామో వివరిస్తూ మెయిళ్ళు పంపాం. మూడో నెలకల్లా డాష్‌బోర్డ్ మీద అంకెలు చూడముచ్చటగా ఉన్నాయి. ఒక కంప్లయింట్ క్లోజ్ కావడానికి పట్టే సమయం సగానికి పడిపోయింది. రివ్యూ మీటింగులో చప్పట్లు కొట్టారు. నాకు చాలా సంతోషమనిపించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం షిఫ్ట్ మారే వేళ, టీమ్‌లో అందరికన్నా సీనియర్ అయిన ఒకావిడ స్క్రీన్ మీద ఒక ఎక్సెల్ షీట్ కనబడింది. దానికి 'మళ్ళీ ఫోన్ చెయ్యాలి' అని పేరు పెట్టుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఏ కంప్లయింటైనా రెండు రోజుల్లో క్లోజ్ చెయ్యకపోతే ఎర్రగా మారుతుంది. ఎవరి పేరు మీద ఎన్ని ఎర్రవి ఉన్నాయో పైదాకా కనిపిస్తుంది. పాతదానిలో 'విడిభాగం రావాలి' అని పెట్టి పక్కన ఉంచే వీలుండేది, కొత్తదానిలో అది లేదు. అందుకని వాళ్ళు గడువులోపు క్లోజ్ కొట్టేసి, అసలు పనంతా ఈ షీట్‌లో నడిపిస్తున్నారు. ఇలాంటి షీట్ టీమ్‌లో దాదాపు అందరి దగ్గరా ఉందని తర్వాత తెలిసింది.

"ఎంత చెప్పినా మీకు పాత పద్ధతే కావాలి కదండీ" అన్నాను, కోపంగానే.

ఆవిడ కోప్పడలేదు. "ట్రైనింగ్‌లో అన్నీ చెప్పారు సార్. విడిభాగం రాకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అడుగుదామంటే ఎవర్ని అడగాలో తెలీలేదు. కస్టమర్‌ని అలా వదిలెయ్యలేం కదా" అన్నారు.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ షీట్ తయారు చేసుకున్నవాళ్ళని నేను మార్పుకి అడ్డం పడేవాళ్ళ లెక్కలో వేశాను. నిజానికి వాళ్ళు మారారు. మేం పెట్టిన కొత్త నిబంధనకీ కస్టమర్ అవసరానికీ మధ్య ఒక దారి వెతుక్కున్నారు, అదీ ఎవరి సాయమూ లేకుండా, వారం పది రోజుల్లో. మేం ఆరు నెలలు ప్లాన్ చేసి తెచ్చినదాన్ని వాళ్ళు వారంలో సరిదిద్దుకున్నారు. కాకపోతే ఆ దిద్దుబాటు మాకు తెలియకుండా దాచుకోవాల్సి వచ్చింది. ఒక సంస్థకి నిరంతరం మారే శక్తి ఉందా లేదా అనే ప్రశ్న నాకు అప్పట్నుంచీ ఇంకో రకంగా కనబడుతోంది. ఆ శక్తి దాదాపు ప్రతిచోటా ఉంటుంది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం ఎందుకు వస్తోంది, అన్నదే నాయకత్వం చేసేవాళ్ళు పట్టించుకోవాల్సిన విషయం.

మేనేజర్లకి ఇచ్చే శిక్షణల్లో "మార్పు ప్రయత్నాల్లో 70 శాతం విఫలమవుతాయి" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వెంటనే వచ్చే రెండో మాట, జనానికి మార్పంటే భయం కాబట్టి అని. ఆ 70 శాతం ఎక్కడినుంచి వచ్చిందో మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు వెతుక్కుంటూ వెళ్ళి 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ అంకె అచ్చయిన ఐదు సందర్భాలను తీసుకుని పరిశీలిస్తే, ఏ ఒక్కదాని వెనకా నమ్మదగిన ఆధారం లేదని తేలింది. అయినా ఆ అంకె తిరుగుతూనే ఉంది. నాకు దీనిమీద కోపం ఎందుకంటే, ఇది ముందే నేరం ఎవరి మీద వెయ్యాలో నిర్ణయించేస్తుంది. పని పాడైతే కింద ఉన్నవాళ్ళు సహకరించలేదు అనడానికి ఒక సాకు సిద్ధంగా ఉంటుంది. నేను ఆ సాయంత్రం అన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే.

మార్పుని మనుషులు ఎందుకు వ్యతిరేకిస్తారు అన్నదాని మీద జరిగిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1948లో అచ్చయింది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, మారియన్ అనే ఊళ్ళో హార్‌వుడ్ అనే కంపెనీ పైజమాలు కుట్టేది. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ పరిశీలన చేశారు. మార్పులు చాలా చిన్నవి. ఉదాహరణకి, ఇస్త్రీ చేసేవాళ్ళు అప్పటిదాకా బట్టల్ని ఒక అట్టముక్క మీద అరడజను చొప్పున పేర్చేవారు, ఇకమీదట అట్టపెట్టెలో పేర్చాలి. అంతే. ఒక గుంపుని పిలిచి, మార్పు ఎందుకు అవసరమో వివరించి, కొత్త కూలి రేటు చెప్పి, ప్రశ్నలకి జవాబిచ్చి పంపేశారు. నేను మెయిళ్ళు పంపినట్టే. ఇంకో రెండు గుంపుల్లో అందరినీ కూర్చోబెట్టి, పనిని ఎలా మార్చాలో, కొత్త రేటు ఎలా లెక్కగట్టాలో వాళ్ళతోనే కలిసి తేల్చారు.

చెప్పి పంపేసిన గుంపులో ఉత్పత్తి పడిపోయి మళ్ళీ లేవలేదు. మొదటి నలభై రోజుల్లోనే 17 శాతం మంది పని మానేశారు. కలిసి తేల్చుకున్న గుంపులు త్వరగానే పాత స్థాయికి వచ్చి, చివరికి దానికన్నా 14 శాతం పైకి వెళ్ళాయి. ఆ నలభై రోజుల్లో వాళ్ళలో ఒక్కరూ మానలేదు.

దీన్ని చదివినవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించింది ఆ తర్వాత జరిగినది. దాదాపు రెండున్నర నెలల తర్వాత, ఆ మొండికేసిన గుంపులో మిగిలిన పదమూడు మందిని మళ్ళీ ఒకచోట చేర్చి ఇంకో కొత్త పనికి మార్చారు. ఈసారి వాళ్ళని కూడా మొదటినుంచీ చర్చలో కూర్చోబెట్టారు. వాళ్ళూ త్వరగానే కోలుకుని పాత స్థాయిని దాటిపోయారు. అదే మనుషులు, అవే చేతులు. రెండున్నర నెలల్లో వాళ్ళ స్వభావం మారిపోయిందని ఎవరూ అనలేరు. మార్పుకి వ్యతిరేకత అని మనం పిలిచేది మనిషి లోపల ఉండే గుణమైతే, అది ఇంత తేలిగ్గా ఎలా పోయింది?

ఇదే ప్రశ్న చాలా పెద్ద ఎత్తున, ముప్ఫై ఆరేళ్ళ తర్వాత కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మళ్ళీ ఎదురైంది. అక్కడ జనరల్ మోటార్స్‌కి ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. రోజూ ఐదింట ఒక వంతు మంది పనికి వచ్చేవారు కాదు, గొడవలూ సమ్మెలూ, కార్ల నాణ్యత అధ్వాన్నం. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి అనే పేరుతో తిరిగి తెరిచారు. తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాత ఫ్యాక్టరీ వాళ్ళే, యూనియన్ కూడా పాతదే. రెండు మూడేళ్ళలో ఆ ఫ్యాక్టరీ జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీల్లో అన్నిటికన్నా నాణ్యమైన కార్లు తయారుచేసేవాటిలో ఒకటైంది. సెలవులు పెట్టడం బాగా తగ్గిపోయింది.

నుమ్మి గురించి మాట్లాడినప్పుడల్లా అందరూ లైన్ మీద వేలాడే తాడు గురించే చెబుతారు. ఏదైనా తేడా కనబడితే ఏ కార్మికుడైనా ఆ తాడు లాగవచ్చు. లాగగానే లైన్ మొత్తం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, ముందు టీమ్ లీడర్ పరుగున వస్తాడు, కారు తర్వాతి స్థానానికి చేరేలోపు సమస్య తీరకపోతేనే లైన్ ఆగుతుంది. ఆ తాడులో అసలు విలువ ఈ పరుగున రావడంలో ఉంది. ఎవరూ రాని తాడుని రెండోసారి ఎవరు లాగుతారు?

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది స్టాప్‌వాచ్. పాత పద్ధతిలో ఒక ఇంజనీరు వచ్చి, కార్మికుడి పక్కన నిలబడి, ఏ పనికి ఎన్ని సెకన్లు పట్టాలో రాసుకుని వెళ్ళేవాడు. ఆయన కొలుస్తున్నంతసేపూ కార్మికుడు కావాలనే నెమ్మదిగా చేసేవాడు, లేకపోతే తర్వాత తనకే కష్టం. నుమ్మిలో ఆ స్టాప్‌వాచ్‌ని కార్మికుల చేతికే ఇచ్చారు. టీమ్‌లో ఒకరి పనిని ఇంకొకరు కొలుచుకుని, ఏది మేలైన పద్ధతో చర్చించుకుని, దాన్ని కాగితం మీద పెట్టి, అందరూ అలాగే చేసేవారు. ఇంకా మంచి పద్ధతి తడితే ఆ కాగితాన్ని వాళ్ళే మార్చుకునేవారు. పని పక్కాగా ఒకే పద్ధతిలో సాగుతుంది, ఆ పద్ధతి మాత్రం మారుతూనే ఉంటుంది. క్రమశిక్షణ ఉంటే చొరవ పోతుందని, చొరవ ఇస్తే క్రమశిక్షణ పోతుందని అనుకునేవాణ్ణి. కొలత ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి రెండూ ఒకేచోట ఉండగలవని ఇక్కడే నమ్మకం కుదిరింది. మా డాష్‌బోర్డ్ కూడా స్టాప్‌వాచే. అది మా చేతిలో ఉంది, వాళ్ళ పక్కన నిలబడి ఉంది. వాళ్ళు ఆ పాత కార్మికుడు చేసిందే చేశారు.

దీనికి ఇంకో షరతు కూడా ఉంది, దాన్ని చెప్పకుండా నుమ్మి గురించి మాట్లాడటం అన్యాయం. పనిని మెరుగుపరిస్తే నా ఉద్యోగమే పోతుందేమో అనే భయం ఉన్నచోట ఎవరూ పనిని మెరుగుపరచరు. కంపెనీ తప్పనిసరి పరిస్థితి వస్తే తప్ప ఎవర్నీ తీసెయ్యం అని యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. 1988లో అమ్మకాలు పడిపోయి ఫ్యాక్టరీ సామర్థ్యంలో 60 శాతం కూడా వాడకంలో లేనప్పుడు, నిజంగానే ఎవర్నీ తీసెయ్యలేదు. ఖాళీగా ఉన్నవాళ్ళని శిక్షణకీ, పనుల్ని మెరుగుపరిచే బృందాలకీ పంపారు. అంతకుముందు ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని నమ్మకం ఆ ఒక్క ఏడాదిలో వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

సమస్య కళ్ళారా చూసినవాళ్ళకీ దాన్ని సరిదిద్దగలిగే అధికారం ఉన్నవాళ్ళకీ మధ్య దూరం ఎంత, అన్నదాని మీద ఒక సంస్థ ఎంత తొందరగా మారగలదో ఆధారపడి ఉంటుంది. ఈ దూరం ప్రాణాలు తీసిన సందర్భం ఒకటి ఉంది. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయంలో దిగబోతున్న టీడబ్ల్యూఏ అనే సంస్థ విమానం కొండకి ఢీకొని, అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. దిగడానికి ఇచ్చిన అనుమతిని పైలట్లు ఒక రకంగా అర్థం చేసుకున్నారు, కంట్రోలర్లు ఇంకో రకంగా. దర్యాప్తులో బయటపడిన విషయం ఏమిటంటే, ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే చోట అదే పొరపాటుతో కొండని తప్పించుకుని వెంట్రుకవాసిలో బయటపడింది. యునైటెడ్ తన పైలట్లందరినీ హెచ్చరించింది. మిగతా సంస్థలకి చేరే దారి మాత్రం లేదు.

ఆ తర్వాత 1976లో విమానయాన పొరపాట్లని స్వచ్ఛందంగా చెప్పుకునే ఒక వ్యవస్థ మొదలైంది. ఇందులో నేను మళ్ళీ మళ్ళీ తల్చుకునే విషయం, ఆ నివేదికలు ఎవరికి వెళ్తాయన్నది. లైసెన్సు రద్దు చేసే అధికారం ఉన్న అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి వెళ్ళవు, ఆ అధికారం లేని నాసాకి వెళ్తాయి. అక్కడ పేర్లు తీసేస్తారు. శిక్షించగలిగే చేతికి ఎవరూ తమ తప్పు చెప్పుకోరని ఒప్పుకుని కట్టిన వ్యవస్థ అది. "నా గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని చెప్పే మేనేజర్లు చాలామంది మంచివాళ్ళే. నేనూ ఆ మాట చెప్పినవాణ్ణే. కానీ ఏడాది చివర రేటింగు ఇచ్చేది ఆ గదిలో కూర్చున్న మనిషే అయినప్పుడు, తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన ఎవరూ లోపలికి రారు.

మధ్యలో ఉండే మేనేజర్ల సంగతి ఇంకా కష్టం. నోకియా స్మార్ట్‌ఫోన్ల పోటీలో ఎందుకు ఓడిపోయిందో తెలుసుకోవడానికి క్వి హుయ్, టిమో వూరి అనే ఇద్దరు పరిశోధకులు ఆ కంపెనీ పైస్థాయి, మధ్యస్థాయి మేనేజర్లు, ఇంజనీర్లు సహా 76 మందితో మాట్లాడారు. ప్రతిభ తక్కువై ఓడిపోలేదు. తమ ఆపరేటింగ్ సిస్టమ్ వెనకబడిందని లోపలివాళ్ళకి తెలుసు. పైవాళ్ళు పోటీదారులకీ మార్కెట్‌కీ భయపడ్డారు, మధ్యవాళ్ళు పైవాళ్ళకి భయపడ్డారు. అందుకని కింద ఉన్న నిజం పైకి వెళ్ళేసరికి తీయగా మారిపోయేది, 'అయిపోతుంది సార్' అనే మాటగా. పైవాళ్ళు ఆ మాటని నమ్మి ఇంకా ఒత్తిడి పెంచేవారు.

నేను ఆ మధ్యలోనే పదిహేనేళ్ళు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మార్పు అనగానే పైవాళ్ళకి ఒక కల ఉంటుంది, కిందవాళ్ళకి ఒక కష్టం ఉంటుంది. మధ్యలో ఉన్న మనిషి కలని కిందకీ కష్టాన్ని పైకీ మొయ్యాలి. కష్టాన్ని పైకి మోసినందుకు ఎవరూ మెచ్చుకోరు. "సమస్యలు చెప్పకు, పరిష్కారాలు చెప్పు" అంటారు. ఈ మాట వినడానికి బాగుంటుంది గానీ, పరిష్కారం ఇంకా తెలియని సమస్య ఏదైనా, అంటే నిజంగా ప్రమాదకరమైనది ఏదైనా, ఈ ఒక్క మాటతో నోరు మూసుకుంటుంది. మీరు ఎవరికైనా పైన ఉన్నవాళ్ళైతే, దయచేసి ఈ మాట అనడం మానెయ్యండి.

అలాగని ప్రతిదీ కూర్చుని కలిసి తేల్చుకుందాం అనడం లేదు. ఏ దిక్కుకి వెళ్ళాలో కొన్నిసార్లు పైన ఉన్నవాళ్ళే తేల్చాలి, ఒంటరిగా, ఎవరికీ నచ్చకపోయినా. 2000 ప్రాంతంలో ఫోటో ఫిల్ముకి గిరాకీ శిఖరానికి చేరి, ఆ తర్వాత వేగంగా పడిపోయింది. జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్‌ని నడిపిన షిగెతాకా కొమొరి ఫిల్మ్ వ్యాపారాన్ని కుదించాలని నిర్ణయించారు. అందులో వేలమంది ఉద్యోగాలు పోయాయి, దాన్ని తేలిగ్గా చెప్పుకోకూడదు. ఆ నిర్ణయం ఓటు పెట్టి తీసుకునేది కాదు. కానీ ఆ తర్వాత ఎటు వెళ్ళాలో తేల్చడానికి ఆయన చేయించిన మొదటి పని, తమ దగ్గర ఏయే సాంకేతిక నైపుణ్యాలు ఉన్నాయో లెక్క తీయించడం. ఫిల్ములో కొల్లాజెన్ అనే, మన చర్మంలోనూ ఉండే ప్రొటీన్ ఉంటుంది, రంగు వెలిసిపోకుండా కాపాడే రసాయనాల పరిజ్ఞానం ఉంటుంది. ఆ జ్ఞానం తర్వాత చర్మ సౌందర్య సాధనాలుగా బయటికొచ్చింది, ఎల్‌సీడీ తెరలకి కావాల్సిన పల్చటి పొరలుగానూ మారింది. దిక్కు పైనుంచి వచ్చింది, దారి మాత్రం ల్యాబుల్లో ఎప్పట్నుంచో పనిచేస్తున్నవాళ్ళకి తెలిసినదాని నుంచి వచ్చింది. పోల్చి చూస్తే, 1975లోనే డిజిటల్ కెమెరా నమూనా తయారుచేసిన ఇంజనీరు స్టీవ్ సాసన్ పనిచేసింది కొడాక్‌లో. ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. తెలిసినవాళ్ళు అక్కడా ఉన్నారు.

ఇక అలసట గురించి. "మా వాళ్ళు మార్పులతో అలిసిపోయారు" అని ఈమధ్య ప్రతి మేనేజరూ అంటున్నాడు. నిజమే, అలిసిపోయారు. ఎందుకో చూద్దామని మా టీమ్‌లో ఒక వారం పాటు ప్రతి ఒక్కరూ నింపే ఫారాలు, రిపోర్టులు, ట్రాకర్లు అన్నీ ఒక గోడ మీద అంటించమన్నాను. గోడ చాలలేదు. ప్రతి కొత్త పద్ధతీ ఒక కొత్త కాగితం తెచ్చింది, ఏదీ పాత కాగితాన్ని తీసుకెళ్ళలేదు. మూడేళ్ళ కిందట వెళ్ళిపోయిన ఒక మేనేజర్ కోసం మొదలుపెట్టిన రిపోర్టు ఇంకా ప్రతి శుక్రవారం వెళ్తూనే ఉంది, ఎవరూ తెరవని ఒక ఫోల్డర్‌లోకి. అలసట మారడం వల్ల వచ్చిందని నాకు అనిపించలేదు. పాతదీ కొత్తదీ రెండూ మోయడం వల్ల వచ్చింది.

కార్ల్ వైక్, రాబర్ట్ క్విన్ 1999లో రాసిన ఒక వ్యాసంలో దీనికి దగ్గరి ఆలోచన ఒకటి ఉంది. మామూలుగా మార్పు అంటే గడ్డకట్టినదాన్ని కరిగించి, మార్చి, మళ్ళీ గడ్డకట్టించడం అని చెబుతారు. కానీ ఎప్పుడూ కదులుతూ ఉండే సంస్థలో ఈ వరస తిరగబడాలి అంటారు వాళ్ళు. ముందు ఒక క్షణం గడ్డకట్టించి, ఏం జరుగుతోందో కళ్ళకు కనబడేలా చెయ్యాలి. తర్వాత సర్దాలి. ఆ తర్వాత కరిగించి మళ్ళీ కదలనివ్వాలి. ఆ గోడ మాకు ఆ గడ్డకట్టించే పని చేసింది. కొత్తగా ఏమీ మొదలుపెట్టలేదు, ఉన్నదాన్ని కాసేపు ఆపి చూశామంతే. నాయకత్వం అంటే ముందుకి తొయ్యడమేనని నేర్చుకున్న నాకు, ఆగి చూపించడం కూడా అందులో భాగమేనని ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది.

ఇప్పుడు నేను చేస్తున్నవి పెద్దవేమీ కావు. ఏ మార్పునైనా రెండు వారాలకి మించి ప్లాన్ చెయ్యం, ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి అక్కడ తేలిన తప్పులు ముందుగా అందరికీ చూపిస్తాం. అంకెలు ముందు పని చేసేవాళ్ళే చూసుకుంటారు, వాళ్ళు చూసి మాట్లాడుకున్నాక నా దగ్గరికి వస్తాయి. ఎవరైనా ఏదైనా చెబితే వారంలోపు జవాబు వెళ్ళాలి, కుదరదు అనే జవాబైనా సరే, ఎందుకు కుదరదో రాసి. ఇందులో చాలాసార్లు ఆలస్యం చేశాను. ఆలస్యమైన నెలల్లో సూచనలు రావడం ఆగిపోవడం స్పష్టంగా కనబడింది, మళ్ళీ మొదలవడానికి మూడు నాలుగు నెలలు పట్టింది.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో 'విడిభాగం రావాలి' అనే ఆప్షన్ పెట్టించడానికి మాకు ఐదు వారాలు పట్టింది. పెట్టాక డాష్‌బోర్డ్ మీద సగటు సమయం దాదాపు పాత స్థాయికి పెరిగింది. ఆ పెరిగిన అంకెని రివ్యూ మీటింగులో చూపించి, ఇదే నిజమైన అంకె అని చెప్పడం నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆ మీటింగుకి ఆ సీనియర్ ఆవిడని కూడా రమ్మన్నాను. 'మళ్ళీ ఫోన్ చెయ్యాలి' షీట్ తెరిచి, ఒక్కొక్క వరసా చూపిస్తూ, ఏ కస్టమర్ ఎన్ని రోజులు ఎందుకు ఎదురుచూశాడో ఆవిడే చెప్పారు. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత విడిభాగాల విభాగం చూసే అతను కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఈ మూడో వరస ఒకసారి మళ్ళీ చూపించండి మేడమ్" అన్నాడు.